ఎక్స్-రే పరీక్షల్లో రేడియేషన్ తగ్గించే మార్గాలు
పోటీ పరీక్షల ప్రత్యేకం: జనరల్ సైన్స్

జర్మనీ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ రాంట్‌జన్ 1895 నవంబరు 8న ఎక్స్-కిరణాలను కనుగొన్నారు. 1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ కిరణాలు కణాల్లోని డీఎన్ఏను దెబ్బతీయగలవు. అందుకే రోగ నిర్ధారణకు సరిపడే చిత్రాన్ని వీలైనంత తక్కువ మోతాదుతో తీయాలి. ఈ సూత్రమే ‘అలారా’.

మోతాదు తగ్గేదిలా..
• కొలిమేటర్: కిరణాలను అవసరమైన భాగానికే పరిమితం చేస్తుంది. చెదిరే కిరణాలు తగ్గి చిత్రం స్పష్టంగా వస్తుంది.
• అల్యూమినియం ఫిల్టర్: చిత్రానికి పనికిరాకుండా చర్మంలోనే ఇంకిపోయే తక్కువ శక్తి కిరణాలను అడ్డుకుంటుంది.
• ఎక్స్‌పోజర్: కేవీ (ట్యూబ్ వోల్టేజి) మారకుండా ఎంఏఎస్ (ట్యూబ్ కరెంటు, సమయాల లబ్ధం) సగానికి తగ్గిస్తే మోతాదూ సగమవుతుంది.
• పిల్లలు: శరీర పరిమాణాన్ని బట్టి ఎక్స్‌పోజర్ ఎంచుకోవాలి. చిన్నారులకు గ్రిడ్ (చెదిరిన కిరణాలను అడ్డుకునే పలక) తొలగిస్తే మోతాదు తగ్గుతుంది.
• పాత ఫిల్ములు: వైద్యుడికి చూపిస్తే అనవసరంగా మళ్లీ తీయాల్సిన పని తప్పవచ్చు.

గుర్తుంచుకోండి
• శోషిత మోతాదుకు ప్రమాణం గ్రే. ప్రభావ మోతాదుకు సీవర్ట్. 1 సీవర్ట్ = 100 రెమ్.
• ఛాతీ ఎక్స్-రే మోతాదు సుమారు 0.1 మిల్లీసీవర్ట్ లేదా అంతకంటే తక్కువ. ప్రకృతి నుంచి మనిషికి ఏటా అందేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు.
• మన దేశంలో నియంత్రణ సంస్థ: అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ). స్థాపన 1983, కేంద్ర కార్యాలయం ముంబయి.
• సిబ్బందికి, ప్రజలకు మోతాదు పరిమితులున్నాయి. వైద్య పరీక్షల్లో రోగులకు అవి వర్తించవు. అందుకే ప్రతి పరీక్షకూ తగిన కారణం ఉండాలి.

అవసరమైన ఎక్స్-రేకు భయపడొద్దు, అనవసరమైనది అడగొద్దు.

మాదిరి ప్రశ్న: ఎక్స్-కిరణ పుంజం వైశాల్యాన్ని పరిమితం చేసేది?
1) గ్రిడ్ 2) కొలిమేటర్ 3) ఫిల్టర్ 4) డిటెక్టర్
జవాబు: 2