జంషెడ్‌పూరు నగరదర్శనము

మా పాఠశాలలోని పై తరగతుల విద్యార్థులు కొందఱు ఈ సంవత్సరము జంషెడ్‌పూరునకు యాత్ర సలిపిరి. వారితో నేనును బోయితిని. టాటానగరు స్టేషనులో దిగినతోడనే యొక బాలుడు, "అయ్యా, ఇచట సముద్రము లేదు, ఇది రాజధానియు గాదు. ఈ కొండల నడుమ నింత పట్టణ మేల కట్టిరి?" అని యడిగెను. ప్రశ్న మంచిదే. దానికి సమాధానము వెదకుచునే రెండు దినములు తిరిగితిమి.

పూర్వ మిచట సాక్చి యను పల్లె యుండెడిది. చుట్టును సంతాలులు, హోలు మొదలగువారు నివసించిరి. ఆ పల్లె పోయినది; పేరు మాత్రము నేడొక పేటకు నిలిచినది. జంషెట్జీ టాటాగారు (1839–1904) భారతదేశమున నుక్కు చేయింపవలెనని చిరకాలము తలపోసిరి. వారి కుమారులు దొరాబ్జీగారును, వెల్డను అమెరికా నిపుణుడును దుర్గు ప్రాంతపు కొండలు వెదకిరి. అచటి రాయి శ్రేష్ఠమే గాని తగిన బొగ్గును నీరును సమీపమున దొరకలేదు. 1904 ఫిబ్రవరిలో ప్రమథనాథ బోసను భూగర్భశాస్త్రజ్ఞుడు మయూర్‌భంజి సంస్థానమందలి గొరుమహిసాని కొండను గూర్చి జాబు వ్రాసెను. ఆ మే నెలలోనే జంషెట్జీగారు జర్మనీలో గాలధర్మము నొందిరి. తాము తలచిన పట్టణమును వారు చూడనేలేదు.

గొరుమహిసాని రాయి, ఝరియా బొగ్గు, సువర్ణరేఖా ఖర్కాయి నదుల నీరు, కాలిమాటి స్టేషను మీదుగా బోవు రైలుదారి: ఈ నాలుగును గూడిన చోటు గనుకనే యిచట నగరము వెలసెను. 1907లో కంపెనీ యేర్పడెను. 1911 డిసెంబరు 2వ తేదీన పోత యినుమును, 1912 ఫిబ్రవరి 16వ తేదీన నుక్కును తయారయ్యెను. 1919లో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు ప్రభువు ఈ యూరికి జంషెట్జీగారి పేరు పెట్టెను.

కొలిమి పనిచేయు తీరు బాలురు తెలిసికొనదగినది. ముడిరాయి, కోకు, సున్నపురాయి పైనుండి పోసి, క్రిందనుండి వేడిగాలి నూదుదురు. కోకు మండగా బుట్టిన వాయువు రాతిలోని ప్రాణవాయువును లాగికొనును. సున్నపురాయి మలినముతో గలసి చిట్టె మగును. చిట్టెము తేలిక గనుక పైకి తేలును. బరువైన యినుము నీరై యడుగున జేరును.

ఊరిలో విశాలమైన వీధులు, నీడచెట్లు గలవు. ఇవి యుండవలెనని జంషెట్జీగారు 1902లోనే కుమారునకు వ్రాసిరట. 1958లో దెఱచిన జూబిలీ పార్కును, డిమ్నా చెఱువును జూచితిమి. పార్కులో గంటసేపు చాలును. చెఱువుకడ నొక పూట గడపవలెను.

1912లోనే ఇచట ఎనిమిది గంటల పనిదినము వచ్చినది. ఇది మెచ్చదగినదే. ఐనను 1920లోను 1928లోను పెద్ద సమ్మెలు జరిగెను. రెండవదానియందు సుభాష్ చంద్ర బోసుగారు కార్మికుల పక్షమున రాజీ కుదిర్చిరి. కొలిమి యెదుట ఎనిమిది గంటలనగా నేమో మాకు బిష్టుపురమున నొక తెలుగు వృద్ధుడు చెప్పెను. ఆయన తండ్రి శ్రీకాకుళము వైపునుండి వచ్చి కొలిమియొద్ద పనికి గుదిరెనట. పని ముగించి యింటికి వచ్చి చెట్టుక్రిందనే భోజనము చేసెడివాడట. ఎంత చలికాలమైనను వంటింటి పొయ్యి దగ్గఱకు మాత్రము వచ్చెడివాడు గాడట.

ఆ వృద్ధుడు మాకు స్టేషనుదాక తోడువచ్చి, బండి కదలువఱకు మన వైపు వానల సంగతి యడుగుచునే యుండెను.