గద్ద కథ వద్దు, గద్దను చూడు

గుంటూరు

ప్రియమైన అల్లుడికి,



బైనాక్యులర్ కొనుక్కుంటున్నావని అమ్మ చెప్పింది. 8 రెట్లు దగ్గరగా చూపించేది, 42 మిల్లీమీటర్ల అద్దాలది చాలు. అంతకంటే దగ్గరగా చూపేవాటితో చెయ్యి కాస్త వణికినా పిట్ట కనపడదు. ఇక నీ అసలు ప్రశ్న: సృష్టిని నమ్మేవాళ్ళం పిట్టల్ని వేరేగా చూడాలా అని. చూడాలి. మరింత నిజాయితీగా చూడాలి.

మన సంఘాల్లో ఒక ప్రసంగం తరచూ వినిపిస్తుంది. గద్ద 40 ఏళ్ళకు కొండెక్కి, ముక్కు బండకేసి కొట్టి ఊడగొట్టుకుని, ఈకలు పీక్కుని, అన్నీ మళ్ళీ మొలిచాక ఇంకో 30 ఏళ్ళు బతుకుతుందట. నువ్వూ ఆమెన్ అనే ఉంటావు. అది కట్టుకథ. ముక్కు పోయిన గద్ద తిండిలేక చస్తుంది. 103వ కీర్తనలో పక్షిరాజు యౌవనం మాట ఉంది గానీ, ఈ బండా ముక్కూ ఎక్కడా లేవు. నిజంగా జరిగేదేమిటంటే, పాత ఈకలు కొన్ని కొన్నిగా రాలుతుంటే కొత్తవి వస్తుంటాయి, అందుకే వేట ఆగదు. ఆ ఏర్పాటులో నాకు కనిపించే జ్ఞానం ఆ కథలో లేదు. దేవుడి పని మీద అబద్ధసాక్ష్యం చెప్పి ఆయన్ని మహిమపరచలేం.

పత్రికలదీ ఇదే వరస. ఇక్కడ ఉప్పలపాడు చెరువులో, హిందూపురం వైపు వీరాపురం చింతచెట్ల మీద గూళ్ళు పెట్టే కొంగల్ని 'సైబీరియా కొంగలు' అని రాసేస్తారు. తోక దగ్గర గులాబీ ఈకలుండే ఆ పెయింటెడ్ స్టార్కులు సైబీరియా ముఖమే చూడలేదు. మన దేశంలోనే నీళ్ళూ చేపలూ ఉన్నచోటికి మారుతుంటాయి. సంకుబుడి కొంగకు తన కాలం తెలుసని యిర్మీయా రాశాడు. ఆ కాలమేదో నువ్వు తేదీ వేసి రాసుకో.

గూళ్ళ దగ్గరికి మాత్రం పోవద్దు. ఫొటో కోసం ఫోన్లో కూత వినిపించి రప్పించవద్దు. గూటిలో ఉన్న తల్లిని పిల్లలతో పాటు పట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం ఆజ్ఞ. వీరాపురం వాళ్ళు ఆ కొంగలు రావడం ఊరికి మేలని కాపాడుకుంటారు, వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాలి.

కాలేజీలో వడ్రంగిపిట్ట నాలుకే సృష్టికి రుజువంటూ జువాలజీ స్నేహితుడితో వాదనకు దిగకు. డార్విన్ పాఠం వాళ్ళు చెప్పినట్టే చదువు, పరీక్షలో అలాగే రాయి. అయిదో దినాన దేవుడు పక్షుల్ని చేశాడన్నది నా విశ్వాసం. వాదనలో గెలిస్తే అది పెరగదు, ఓడితే తరగదు. ఇంగ్లండులో జాన్ రే అని పాదిరీగా అభిషేకం పొందినాయన ఉండేవాడు. సృష్టిలో దేవుని జ్ఞానం మీద 1691లో పుస్తకం రాశాడు. అంతకుముందు, చనిపోయిన స్నేహితుడు విల్లబీ మొదలుపెట్టిన పక్షుల పుస్తకాన్ని పూర్తిచేసి 1676లో అచ్చు వేయించాడు. దాన్లో నీతులూ కట్టుకథలూ శకునాలూ వదిలేశామని ముందుమాటలోనే చెప్పేశాడు. అంత భక్తిపరుడే ఆ పని చేశాడు!

నువ్వు గిజిగాడితో మొదలుపెట్టు. వానాకాలంలో మగది గూడు సగం అల్లి, రెక్కలాడిస్తూ ఆడదాన్ని పిలుస్తుంది. ఆమెగారు వచ్చి చూసి, నచ్చితేనే మిగతా సగం. నచ్చకపోతే ఆ సగం గూడు అలా వేలాడాల్సిందే.

క్రిస్మస్ సెలవులకు రా, ఉప్పలపాడు వెళ్దాం. ఆదివారం మాత్రం కాదు, ఆరాధన ఎగ్గొట్టి పిట్టల కోసం తిరగడం నేను ఒప్పుకోను.

నీ మామయ్య