అనాసతో రొయ్యల ఎర్రకూర: థాయ్‌లాండ్ వంట, మన పెరటి సరుకు

రొయ్యల చెరువున్న ఇంట్లోనే రొయ్యల కూర అరుదు. పట్టుబడి రోజున కౌంటు చూసి, ఐసు వేసి, లారీ ఎక్కించేస్తాం. ధర బాగుంటే అమ్ముకోవాలన్న ఆశ, పడిపోతే అప్పు ఎలా తీరుతుందన్న దిగులు. ఎటు చూసినా ఇంటి కంచంలోకి మాత్రం రావు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఎగుమతినే నమ్ముకుంటే ఏమవుతుందో తీరప్రాంత రైతులకు తెలిసొచ్చింది. మన రొయ్యను మనవాళ్లు తినడం కూడా ఒక మార్కెట్టే. అది మన పొయ్యి దగ్గరే మొదలు కావాలి. ఎప్పుడూ చేసుకునే వేపుడు, ఇగురు కాకుండా కొత్త రుచి ఒకటి ఈ వారం నేర్చుకుందాం.

ఈ కూరను థాయ్‌లాండులో 'గేంగ్ ఖువా సప్పరోత్ గుంగ్' అంటారు. గేంగ్ అంటే కూర, సప్పరోత్ అంటే అనాస, గుంగ్ అంటే రొయ్య. ఆ దేశంలో ప్రచువాప్ ఖిరి ఖాన్ అనే తీరప్రాంతం అనాస తోటలకు, కొబ్బరికి పేరు. దాని పక్కనే ఉన్న ఫెచ్చబురి తాటి బెల్లానికి పేరు. సముద్రం చేరువలోనే ఉంది. దగ్గర్లో దొరికేవాటితో పుట్టిన కూర ఇది. మనకూ కోనసీమ కొబ్బరి ఉంది, సింహాచలం కొండల అనాస ఉంది, తాటి బెల్లం ఉంది. రొయ్య సంగతి సరేసరి.

కావలసినవి (నలుగురైదుగురికి)

తల, పొట్టు తీసిన రొయ్యలు పావుకిలో పైచిలుకు. ఇందుకు చెరువు రొయ్య అరకిలో తీసుకోవాలి. తలా పొట్టూ పోతే సగానికి కాస్త అటూ ఇటూగా మిగులుతుంది. చిన్నగా తరిగిన అనాస ముక్కలు ఒక గ్లాసు, పెద్ద కొబ్బరికాయ ఒకటి, తాటి బెల్లం ఒక చెంచా, చింతపండు గుజ్జు ఒక చెంచా, నిమ్మాకులు నాలుగు, ఉప్పు తగినంత.

కారం ముద్దకు: ఎండుమిర్చి 8, చిన్న ఉల్లిపాయలు 6, వెల్లుల్లి రెబ్బలు 6, మిరియాలు 6, నిమ్మగడ్డి కాడలు 2, దుంపరాష్ట్రం పల్చటి ముక్కలు 4, కొత్తిమీర వేళ్లు 4, నిమ్మతొక్క తురుము చిటికెడు, వేయించిన ఎండు రొయ్యలు ఒక చెంచా.

గుంటూరు మిర్చి ఒక్కటే వేస్తే కారం రుచులన్నిటినీ మింగేస్తుంది. సగం బ్యాడిగి మిర్చి కలిపితే ఎరుపు వస్తుంది, కారం అదుపులో ఉంటుంది. అక్కడివాళ్లు పులియబెట్టిన చిన్న రొయ్యల ముద్ద, చేపల నుంచి తీసిన ఉప్పురసం వాడతారు. మనకు ఎండు రొయ్యలు, ఉప్పు సరిపోతాయి. దుంపరాష్ట్రం ఎండు ముక్కలుగా మూలికల దుకాణాల్లో దొరుకుతుంది, నానబెట్టి వాడాలి. దొరక్కపోతే అల్లం వేసుకోవచ్చు గానీ వాసన కొంత మారుతుంది. వాళ్లు వాడే ముడతల నిమ్మాకుకు బదులు మన నిమ్మాకు గాని, దబ్బాకు గాని లేతది వేయాలి.

తయారు చేసే విధానం

1. ఎండుమిర్చి గింజలు దులిపి అరగంట నానబెట్టాలి. నిమ్మగడ్డిలో అడుగున ఉండే తెల్లటి భాగం మాత్రమే సన్నగా తరగాలి. గట్టివి ముందు, తడివి తర్వాత వేస్తూ మెత్తగా నూరాలి. రోలు ఉంటే మరీ మంచిది. నీళ్లు ఎక్కువ పోయొద్దు.

2. కొబ్బరి తురిమి, గోరువెచ్చని నీళ్లతో చిక్కటి పాలు ఒక గ్లాసు తీయాలి. అదే పిప్పి నుంచి రెండో పాలు రెండు గ్లాసులు తీసి విడిగా ఉంచాలి.

3. చిక్కటి పాలలో సగం బాణలిలో పోసి, నూనె తేలేదాకా సన్నని సెగమీద కాచాలి. అందులో ముద్ద వేసి నాలుగైదు నిమిషాలు వేయించాలి. పచ్చివాసన పోయి ఎర్రటి నూనె పైకి రావాలి. ఇక్కడ తొందరపడితే కూర పచ్చిగానే మిగులుతుంది.

4. రెండో పాలు, అనాస ముక్కలు, బెల్లం, చింతపండు, ఉప్పు వేసి పది నిమిషాలు ఉడికించాలి. అనాస పుల్లగా ఉంటే చింతపండు తగ్గించాలి.

5. మిగిలిన చిక్కటి పాలు పోసి, ఉడుకు రాగానే రొయ్యలు వేయాలి. రెండు మూడు నిమిషాలు చాలు. రొయ్య ఎర్రబడి కొడవలిలా వంగితే ఉడికినట్టు. గుండ్రంగా ముడుచుకుపోయిందంటే ముదిరి రబ్బరయినట్టు. నిమ్మాకులు తుంచి వేసి దించెయ్యాలి. వేడి అన్నంలోకి బాగుంటుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. పచ్చి అనాసలో మాంసకృత్తులను విడగొట్టే గుణం ఉంది. రొయ్యలను అనాసతో కలిపి నానబెడితే చితికి పిండిలా అవుతాయి. అందుకే అనాస ముందు ఉడకాలి, రొయ్య చివర పడాలి.

రొయ్య ఎంపికలో జాగ్రత్తలు

• చెరువు అంచున చచ్చి తేలినవి కూరకు పనికిరావు. బతికుండగా పట్టి, వెంటనే ఐసులో పెట్టినవే వాడాలి.
• తల నల్లబడినా, వాసన వచ్చినా పారెయ్యాలి. వెన్నుమీది నల్లటి నరం తప్పక తీయాలి.
• క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి మందులు రొయ్యల సాగులో పూర్తిగా నిషేధం. ఇంట్లో పిల్లలకు పెట్టడానికి జంకే రొయ్యను ఊళ్లోవాళ్లకూ అమ్మకూడదు.
• రొయ్య పడనివారికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి. అలాంటివారికి రుచికి కూడా పెట్టొద్దు.

పెరట్లో పెంచుకోండి

నిమ్మగడ్డి ఒక్క పిలక నాటితే చాలు, దుబ్బు కడుతుంది. దుంపరాష్ట్రం అల్లంలాగే దుంప ముక్కతో వస్తుంది. కొబ్బరి చెట్ల పల్చటి నీడ సరిపోతుంది. అనాస తలమీది పిలక నాటినా బతుకుతుంది గానీ కాపుకు సుమారు రెండేళ్లు పడుతుంది. మొదలు దగ్గర వచ్చే పిలకలైతే అంతకంటే ముందే కాస్తాయి. వీటిని ఉప్పునీటి చెరువు గట్లమీద, నీరు నిలిచే చోట నాటొద్దు. ఇంటి పెరట్లో నీరు జారిపోయే నేల చూసుకోవాలి.

లెక్క వేసుకుంటే ఈ కూరకు కొనాల్సినవి కొద్దే. రాబోయే పట్టుబడిలో లారీ కదలకముందే ఒక కిలో పక్కన తీయించండి. సగం ఇంటికి, సగం చెరువు మీద పనిచేసేవాళ్లకు. పండించిన చేతులు రుచి చూసిన పంటను నలుగురికీ ధైర్యంగా చెప్పి అమ్ముకోవచ్చు.