కచ్చా బిల్లు మీద కొన్న మానిటర్

ప్రశ్న: మాది ఖరగ్‌పూర్. కోల్‌కతాలో చదువుకుంటున్నాను. చాందినీ చౌక్‌లో ఒక దుకాణంలో 24 అంగుళాల గేమింగ్ మానిటర్ కొన్నాను. 165 హెర్ట్జ్ అని చెప్పి అమ్మారు. జీఎస్టీ బిల్లు కావాలంటే ఇంకో రెండు వేలు అవుతుందంటే చీటీ మీదే తీసుకున్నాను. తీరా చూస్తే ఆటలో 60 దాటడం లేదు. తెర మధ్యలో ఒక చుక్క ఎప్పుడూ ఎర్రగా వెలుగుతూనే ఉంది. వెళ్లి అడిగితే ‘అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం, కంపెనీ వాళ్లతో చూసుకో’ అన్నారు. పక్కా బిల్లు లేదు కనుక ఇక నాకు దారి లేనట్టేనా?

జవాబు: దారి ఉంది. కాకపోతే ఫిర్యాదుకు ముందు ఒక సంగతి తేల్చుకోండి. 60 దగ్గర ఆగడం మానిటర్ లోపమే కానక్కర్లేదు. కొత్త తెర తగిలించినప్పుడు విండోస్ చాలాసార్లు 60 హెర్ట్జ్ దగ్గరే ఉంచుతుంది. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, దాని కింద అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి రిఫ్రెష్ రేటు మార్చి చూడండి. కొన్ని మోడళ్లలో పూర్తి వేగం డిస్‌ప్లేపోర్ట్ తీగతోనే వస్తుంది, హెచ్‌డీఎంఐ మీద తక్కువకే పరిమితం. మీ గ్రాఫిక్స్ కార్డే సెకనుకు 60 ఫ్రేములు ఇస్తుంటే ఏ మానిటరూ ఏమీ చేయలేదు. తక్కువ డబ్బుతో కొనేవాళ్లు ముందు తమ కార్డు సత్తా చూసుకుని ఆ తరువాతే హెర్ట్జ్ కోసం ఖర్చు పెట్టాలని నేను గట్టిగా చెబుతాను. ఇవన్నీ సరిచూసినా సెట్టింగ్స్ జాబితాలో 165 అన్న అంకె కనిపించకపోతే, మీకు చెప్పిన సరుకు ఒకటి, ఇచ్చింది ఇంకొకటి. అప్పుడది చట్టం పరిధిలోకి వస్తుంది.

ఇక బిల్లు మాట. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(47) ప్రకారం అమ్మిన వస్తువుకు బిల్లు గానీ రసీదు గానీ ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. అంటే బిల్లు లేకపోవడం మీ కేసుకు అడ్డు కాదు, దుకాణదారు మీద ఇంకో అభియోగం. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడాన్నీ అదే సెక్షన్ తప్పుగా లెక్కిస్తుంది. లోపమున్న సరుకు విషయంలో ‘అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం’ అన్న మాట చెల్లదు. అందుకే ఈ 30 రోజులు చాలా విలువైనవి. నోటిమాటతో గడిపేయకండి, వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో రాసి అడగండి.

బిల్లు అడిగితే రెండు వేలు ఎక్కువ అన్నారు కదా, పెట్టె మీద ముద్రించిన ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అంతకు మించి ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఎమ్మార్పీ కన్నా తక్కువకు బేరం కుదిరినా బిల్లు ఇచ్చి తీరాలి. జీఎస్టీ నమోదున్న వ్యాపారి 200 రూపాయలు, ఆపైన అమ్మకానికి ఇన్‌వాయిస్ ఇవ్వాలని పన్ను చట్టమే చెబుతోంది. కచ్చా బిల్లుతో మిగిలిందనుకునే ఆ రెండు వేలకు మీరు వదులుకునేది వారంటీ. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మొదట అడిగేది కొన్న తేదీ ఉన్న ఇన్‌వాయిస్‌నే. నెలల తరబడి దాచుకున్న డబ్బుతో కొనే పిల్లల చేతికి దుకాణాల వాళ్లు చీటీ ముక్క ఇచ్చి పంపడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మీ దగ్గర ఆధారాలు లేవనుకోకండి. యూపీఐ చెల్లింపు వివరం, ఆ చీటీ, బేరం సాగిన వాట్సాప్ సందేశాలు, పెట్టె మీది సీరియల్ నంబరు, చుక్క కనిపించే ఫొటో, అన్నీ పనికొస్తాయి. పెట్టె పారేయొద్దు. దాని మీద దిగుమతిదారు చిరునామా, తయారైన దేశం, ఎమ్మార్పీ ఉన్నాయేమో చూడండి. మానిటర్‌కు ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ నమోదు సంఖ్య ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అది అసలుదో కాదో తేలుతుంది.

వెలిగే చుక్క సంగతి కొంచెం చిక్కుగా ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ తెరలో 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. వాటిలో కొన్ని పాడైనా లోపంగా లెక్కించబోమని చాలా కంపెనీలు తమ వారంటీ షరతుల్లో రాసుకుంటాయి. ఐఎస్ఓ 9241-307 ప్రమాణం కూడా తెరలను తరగతులుగా విడదీసి, ఎన్ని పాడైతే ఒప్పుకోవచ్చో చెబుతుంది. కాబట్టి చుక్క ఒక్కదాని మీదే గెలుస్తామని నేను భరోసా ఇవ్వలేను. ఆ షరతును కొనేముందు మీకు చూపలేదన్న వాదన మాత్రం మీకుంది. ఇకమీద కొనేవాళ్లు కౌంటర్ మీదే పెట్టె విప్పించి తెల్ల, నల్ల, ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెరలు వేయించి చూడాలి. బిల్లు మీద పూర్తి మోడల్ నంబరూ సీరియల్ నంబరూ రాయించాలి, ఎందుకంటే చివరి ఒకటి రెండు అక్షరాల తేడాతోనే 100 హెర్ట్జ్ మోడలూ 165 హెర్ట్జ్ మోడలూ పక్కపక్కన అమ్ముడవుతుంటాయి.

ఆన్‌లైన్‌లో కొంటే మీ పక్షాన ఇంకో నిబంధన ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పిన గుణాలు లేని సరుకును అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. వేదిక తరఫు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి.

దుకాణదారు దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చెల్లించిన ధర 5 లక్షల వరకు ఉంటే ఫీజు లేదు. లాయరూ తప్పనిసరి కాదు. పాత 1986 చట్టంలో లేని ఒక వెసులుబాటు ఇప్పుడుంది: మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. అంటే కోల్‌కతాలోనే తిరగనక్కర్లేదు, మీ నివాసం ఖరగ్‌పూర్ అయితే పశ్చిమ మేదినీపూర్ జిల్లా కమిషన్‌లో వేసుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేసే వీలుంది. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లు గడువు. సరుకును ల్యాబ్‌కు పంపాల్సిన కేసులను 5 నెలల్లో, అక్కర్లేని వాటిని 3 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఆలస్యాలు తప్పవు, ఆ మాట దాచను. లోపం రుజువైతే కమిషన్ మరమ్మతు చేయించవచ్చు, సరుకు మార్పించవచ్చు, డబ్బు వాపసు ఇప్పించి పరిహారం కూడా విధించవచ్చు.

అంతదాకా వెళ్లకుండానే తేలే వివాదాలు చాలా ఉంటాయి. రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యాలయం మీర్జా గాలిబ్ స్ట్రీట్‌లోని క్రేతా సురక్షా భవన్‌లో ఉంది, చాందినీ చౌక్‌కు దూరమేమీ కాదు, అక్కడా ఫిర్యాదు ఇచ్చి చూడవచ్చు. ముందు ఈరోజే పక్కా బిల్లు, మార్పిడి రెండూ అడుగుతూ దుకాణానికి రాతపూర్వకంగా సందేశం పంపండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బెంగాలీ, హిందీ రాకపోయినా జంకవద్దు, అక్కడ తెలుగులోనూ ఫిర్యాదు తీసుకుంటారు.