హద్దు మీద గస్తీ: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం. కోచింగ్ సెంటర్లు, టిఫిన్ బండ్లతో కిటకిటలాడే దిల్‌సుఖ్‌నగర్‌లో నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. ఒక కేసు హైదరాబాద్ కమిషనరేట్‌లోని మలక్‌పేటలో, రెండోది సైబరాబాద్‌లోని సరూర్‌నగర్‌లో నమోదైంది. నాలుగడుగుల తేడాలో ఇద్దరు కమిషనర్లు! దర్యాప్తు చివరికి జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ)కు వెళ్లింది.

2016లో సైబరాబాద్‌ను చీల్చి రాచకొండ కమిషనరేట్ ఏర్పాటు చేశారు. ఎల్బీనగర్ అందులోకి వచ్చింది. పేరు మాత్రం రేచర్ల పద్మనాయకుల రాజధానిది. తొలి కమిషనర్ మహేశ్ భగవత్.

గస్తీ విషయానికొస్తే, ఇరుకు సందుల్లో బ్లూ కోల్ట్స్ బైకులు, పెద్ద రోడ్లపై పెట్రోలింగ్ కార్లు తిరుగుతాయి. మహిళల రక్షణకు షీ టీమ్స్ 2014 అక్టోబర్ 24న మొదలయ్యాయి. 2018 సెప్టెంబర్‌లో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో రావడంతో స్టేషన్ల చుట్టూ రద్దీని కూడా కనిపెట్టుకుని ఉండాల్సిందే.

బండ్లు పెంచితే నేరాలు తగ్గుతాయా? 1972-73లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో జరిపిన ప్రయోగంలో మామూలు కారు గస్తీని పెంచినా, తగ్గించినా నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

పరీక్షకు: ‘పోలీసు’ రాజ్యాంగం ఏడో షెడ్యూల్ రాష్ట్ర జాబితాలో 2వ అంశం. పోలీసు సంస్కరణలపై ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2006 సెప్టెంబర్ 22న.