సూక్ష్మజీవి కవచం

అమీర్‌పేట శిక్షణ కేంద్రాలకు వచ్చే విద్యార్థులు ఎక్కువగా వసతి గృహాలలో నివసిస్తారు. అక్కడ నీరు కలుషితమైతే టైఫాయిడ్ పలువురికి సోకగలదు. కూతవేటు దూరంలో, పంజాగుట్టలోని నిమ్స్ వంటి వైద్యశాలలలో రోగి రక్తం నుండి సూక్ష్మజీవిని పెంచి వ్యాధిని నిర్ధారిస్తారు.

ఆ సూక్ష్మజీవి సాల్మొనెల్లా టైఫి. అది చక్కెర అణువుల గొలుసులతో అల్లిన పొరను కప్పుకొంటుంది. దీనినే గుళిక అంటారు. ఈ ముసుగుతో అది మన రోగనిరోధక వ్యవస్థ కన్నుగప్పుతుంది. 1934లో ఫీలిక్స్, పిట్ అనే శాస్త్రజ్ఞులు దీనిని ‘వి.ఐ.’ అన్నారు. వ్యాధి తీవ్రతను తెలిపే ‘విరులెన్స్’ అనే ఆంగ్లపదంలోని తొలి రెండక్షరాలివి.

ఈ పొరకు మూలం పది జన్యువులు. వాటి పేర్లు తెలుగువారి పేర్ల వంటివే. ఇంటిపేరు ముందు, సొంత అక్షరం తరువాత. ‘టి.వి.ఐ.’ కుటుంబంలో ‘ఎ’ అజమాయిషీ చేస్తుంది; ‘బి’ నుండి ‘ఇ’ వరకు గల నాలుగూ పొరను నిర్మిస్తాయి. ‘వెక్స్’ కుటుంబంలోని ఐదూ దానిని కణం వెలుపలికి చేరుస్తాయి. ‘వి.ఐ. ఎగుమతి’ అనే అర్థమే ఆ పేరులో ఇమిడి ఉంది.

చిత్రమేమంటే, శత్రువు కవచమే మనకు ఆయుధమయింది. చక్కెర పొర ఒక్కటే ఇస్తే రెండేళ్లలోపు పసివారి దేహం సరిగా స్పందించదు. దానికి ధనుర్వాతపు టీకాలోని ప్రోటీనును జతచేస్తే ఆరు నెలల శిశువులో సైతం ప్రతిరక్షకాలు పుడతాయి. హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ రూపొందించిన అటువంటి టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో ఆమోదిత జాబితాలో చేర్చింది.

అయితే పారాటైఫాయిడ్ ‘ఎ’ సూక్ష్మజీవికి ఈ జన్యువులు లేవు. కవచమే లేని శత్రువును ఈ టీకా గుర్తించలేదు.