కంప్యూటర్ ముందు కూర్చోవడమూ ఒక విద్యే

వివిధ వృత్తులవారికి కలిగే వ్యాధులను గూర్చి ఇటలీ వైద్యుడు బెర్నార్దీనో రామజ్జీని రచించిన గ్రంథం 1700లో వెలువడింది. 1713లో దానికి ఆయన చేర్చిన అనుబంధంలో లేఖకుల ప్రస్తావన ఉన్నది. వారి బాధలకు ఆయన చెప్పిన కారణాలు మూడు: ఎడతెగకుండా కూర్చుని ఉండడం, చేతిని నిరంతరం ఒకే తీరున కదుపుతూ ఉండడం, తప్పు దొర్లకూడదన్న ఆరాటంతో మనస్సు అలసిపోవడం.

అప్పటినుంచి మూడు శతాబ్దాలు గడిచాయి. ఈక కలం పోయి కీబోర్డు వచ్చింది. కాని ఆ మూడు కారణాలలో ఒక్కటీ తొలగిపోలేదు. పైగా వెలుగును చిమ్మే తెర ఒకటి కళ్ల ఎదుటికి వచ్చి చేరింది. పాఠశాల విద్యార్థి మొదలు కార్యాలయ ఉద్యోగి వరకు నేడు ఎందరో ఆ తెర ముందే గంటల తరబడి గడుపుతున్నారు. కాగా, దాని ముందు ఎట్లా కూర్చోవాలో నేర్పే పాఠం మాత్రం అరుదు.

కన్ను ఎందుకు అలసిపోతుంది?

దూరాన ఉన్న చెట్టును చూచేటప్పుడు కంటి కటకాన్ని సర్దే కండరం విశ్రాంతిగా ఉంటుంది. దగ్గరి అక్షరాలను చదవాలంటే అది బిగుసుకోవాలి. గంటల తరబడి తెరను చూడడమంటే అంతసేపూ పిడికిలి బిగించి ఉంచడం వంటిదే.

రెండవ కారణం రెప్పపాటు. మామూలుగా మనం నిమిషానికి ఇంచుమించు 15 సార్లు రెప్ప వాలుస్తాము. తెరను తదేకంగా చూచేటప్పుడు ఆ సంఖ్య సగానికో, అంతకంటె తక్కువకో పడిపోతుంది. కంటిపై ఉండవలసిన కన్నీటి పొర ఆరిపోయి మంట, ఎరుపు, మసక ఏర్పడతాయి. తెర మరీ ఎత్తులో ఉన్నా, ఫ్యాను గాలి ముఖానికి సూటిగా తగిలినా ఈ బాధ హెచ్చుతుంది.

ఈ అలసట చూపును శాశ్వతంగా పాడుచేస్తుందన్న భయం అనవసరం. విశ్రాంతితో అది తగ్గిపోతుంది. ఐతే పెరిగే పిల్లల సంగతి వేరు. ఎప్పుడూ దగ్గరి వస్తువులనే చూస్తూ, ఆరుబయటి వెలుతురులో తక్కువగా గడిపే పిల్లలలో హ్రస్వదృష్టి ఎక్కువగా కనిపిస్తున్నదని పరిశోధకులు గుర్తించారు. కనుక ఆటస్థలంలో గడిపే గంట కంటికి కూడ అవసరమే.

నేత్రవైద్యులు సూచించే సూత్రం సులభమైనది: 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరాన ఉన్న వస్తువును, 20 సెకండ్లపాటు చూడాలి.

వెన్నెముక చెప్పే సత్యం

స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960వ దశకంలో వెన్నుపూసల మధ్యనుండే మెత్తని బిళ్లలలోని ఒత్తిడిని సన్నని సూది సాయంతో కొలిచాడు. నిలుచున్నప్పటికంటె, ఆసరా లేకుండా ముందుకు వంగి కూర్చున్నప్పుడు ఆ ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్లు తేలింది. జర్మనీ పరిశోధకులు 1999లో ప్రచురించిన కొలతలలో మరొక సంగతి వెల్లడైంది: కుర్చీకి వీపు ఆనించి కొంచెం వెనుకకు వాలితే ఒత్తిడి తగ్గుతుంది. అంటే కర్రవలె బిగుసుకొని కూర్చోవడం మంచి కూర్చోవడం కాదు. నడుముకు ఆసరా కావాలి; భంగిమ మారుతూ ఉండాలి. ఎంత మంచి భంగిమ అయినా గంటల తరబడి కదలకుండా ఉంటే అదే బాధాకరం అవుతుంది.

ఇక్కడ ఈ వ్యాసకర్త అనుభవం ఒకటి చెప్పవలసి ఉన్నది. హిందీ మూలగ్రంథాన్ని బల్లపై ఎడమపక్కన పరచి, ఎదుట తెరపై తెలుగు అనువాదాన్ని టైపు చేయడం నా నిత్యకృత్యం. వాక్యానికొకసారి మెడ వంగి, ఎడమకు తిరిగి, మళ్లీ పైకి లేవాలి. కొన్ని నెలలకు మెడనుంచి భుజం వరకు నొప్పి పాకింది. కలం పట్టడమే కష్టమైంది. బ్రతుకుతెరువు పోతుందేమోనని దిగులు కలిగింది. వైద్యుడు మందు వ్రాయబోతూ, "మీ బల్ల ఎట్లా ఉంటుంది?" అని అడిగాడు. ఆ సాయంకాలమే ఇంట మూలనున్న వ్యాసపీఠాన్ని తెచ్చి, రెండు లావుపాటి నిఘంటువులపై ఎత్తుగా అమర్చి, తెర పక్కనే దానిపై పుస్తకం నిలిపాను. కొద్ది వారాలలో నొప్పి తగ్గుముఖం పట్టింది. గ్రంథాన్ని కంటి దగ్గరకు ఎత్తాలేగాని మెడను గ్రంథం దగ్గరకు దించరాదని మన పెద్దలకు ఏనాడో తెలుసు.

అమరిక ఎట్లా ఉండాలి?

పాదాలు నేలపై పూర్తిగా ఆనాలి. కుర్చీ ఎత్తైనదై, పిల్లల కాళ్లు వ్రేలాడుతుంటే కాళ్లకింద ఒక పీట వేయాలి. మోచేయి ఇంచుమించు లంబకోణంలో, భుజాలు వదులుగా ఉండాలి. మణికట్టు పైకిగాని క్రిందికిగాని విరగరాదు. తెర 50 నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో, దాని పై అంచు కంటి మట్టానికి సమంగా, లేదా కొంచెం క్రిందుగా ఉండాలి. కిటికీ పక్కకు ఉండాలి. ఎదుట ఉంటే కళ్లు చెదురుతాయి, వెనుక ఉంటే తెరపై ప్రతిఫలిస్తుంది. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకటిగా ఉంటాయి కాబట్టి ఒకటి సరైన ఎత్తులో ఉంటే రెండవది ఉండదు. ఎక్కువసేపు పనిచేసేవారు దానిని పుస్తకాలపై ఎత్తుగా ఉంచి, వేరే కీబోర్డు వాడడం మేలు.

చూడకుండా టైపు చేయడం నేర్చుకుంటే మెడకు మరింత ఉపశమనం. భారతీయ భాషలకోసం 1986లో ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఇందుకు అనువైనది. అందులో అచ్చులు ఎడమచేతివైపు, హల్లులు చాలవరకు కుడిచేతివైపు ఉండటంవల్ల శ్రమ రెండు చేతులకూ పంచబడుతుంది. హిందీ 'క' ఏ మీటపై ఉన్నదో తెలుగు 'క' కూడ ఆ మీటపైనే ఉంటుంది. ఒక భాషలో వ్రేళ్లు నేర్చిన విద్య మరొక భాషకూ పనికివస్తుంది. లిపులు వేరైనా వర్ణమాల క్రమం ఒక్కటే కావడంవల్ల కలిగిన సౌలభ్యమిది.

వ్రేళ్లు తిమ్మిరెక్కడం, విశ్రాంతి తీసుకున్నా నొప్పి తగ్గకపోవడం వంటివి ఉంటే ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి.

ఇందుకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. కళాశాల గ్రంథాలయంలో ఒక పీట, రెండు పాత సంపుటాలు, కిటికీవైపు నుంచి పక్కకు జరిపిన ఒక బల్ల చాలు. ఈ వ్యాసం చదివిన ఉపాధ్యాయులు తమ కంప్యూటర్ గదికి ఒకసారి వెళ్లి, పిల్లల పాదాలు నేలను తాకుతున్నవో లేదో చూడవలసిందిగా మనవి.